శక్కర్‌కు జాగ

ఏప్రిల్ 21, సోమవారం

కుందేలు ఇకపై బయటే ఉంటుంది. నిర్ణయం అయిపోయింది. ఉదయం ఆరున్నరకు ఇంట్లో ప్రకటించాను. ఎవరూ ఎదురు చెప్పలేదు కనుక నిజానికి ఇక్కడ రాయవలసిన అవసరం లేదు. అయినా రాస్తున్నాను. చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పదిహేడేళ్లు పనిచేసిన నాకు జరిగినదాన్ని జరిగిన రోజే కాగితం మీద పెట్టడం అలవాటు. ఫ్యాక్టరీ మూతపడింది గానీ అలవాటు మూతపడలేదు.

అవ్వ, అంటే మా అమ్మ, నవీపేట దగ్గరి మా ఊరు వదిలి క్రిస్మస్‌కు బోధన్‌లో మా ఇంటికి వచ్చింది, ఇప్పటికి నాలుగు నెలలు. ఆమె కోసమే వెనుక గది కట్టించాను. తెల్లటి టైల్స్, ఫ్యాను, పక్కనే స్నానాల గది. మా వాడలో ఏ తల్లికీ అటువంటి గది లేదు. ఫిబ్రవరిలో పక్కింటి గంగుబాయి ఒక కుందేలు పిల్లను తెచ్చి అవ్వ ఒడిలో పెట్టింది. ఆవిడ మరాఠీ మనిషి, పెరట్లో కుందేళ్లు పెంచుతుంది. వద్దనడం మర్యాద కాదని ఊరుకున్నాను. అవ్వ దానికి శక్కర్ అని పేరు పెట్టింది. నేను కుందేలు అనే అంటాను.

నిన్న ఈస్టర్ ఆరాధన నుంచి తిరిగి వచ్చేసరికి అది నా బల్ల కింది అరలో దూరి, పదో తరగతి మెమో కుడి మూలను కొరికి ఉంది. పగలు గొడ్ల వెంట తిరిగి, రాత్రి బడిలో లాంతరు ముందు అక్షరాలు దిద్దుకుని, ఇరవై మూడో ఏట రెండో ప్రయత్నంలో సంపాదించిన కాగితం అది. తర్వాత నిజామాబాద్‌లో సాయంకాలపు కళాశాలలో బి.ఏ. కూడా పూర్తి చేశాను, ఆ పట్టా గోడ మీద క్షేమంగానే ఉంది. ఆ కాగితానికీ ఈ నిర్ణయానికీ సంబంధం లేదు.

నేను ఇంట్లో చెప్పిన మాటలు ఇవి: "ప్రతి ప్రాణికీ దానికంటూ ఒక స్థానం ఉంటుంది. స్థానం తప్పితే దానికీ క్షేమం కాదు, ఇంటికీ క్షేమం కాదు."

అవ్వ నా వైపు చూసింది. "గీ మాట యాడనో ఇన్న బిడ్డా."

"బైబిలు వాక్యంలో ఉండవచ్చు" అన్నాను. అవ్వకు చదువు రాదు గానీ గుడిలో విన్న వాక్యం మరిచిపోదు.

"వాక్యంల లేదు తియ్యి" అన్నది.

లిడియా కుట్టుమిషన్ దగ్గర నుంచి తల ఎత్తకుండా, "కుందేలు బయట ఉంటె అవ్వ యాడుంటదో గది గూడ ఇప్పుడే సూస్కోండ్రి" అన్నది. నా భార్యకు అర్థం లేని మాటలు అనే అలవాటు లేదు. ఈ ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు.

కుందేలుతోపాటు అవ్వ దానికోసం టైల్స్ మీద పరిచిన మురికి గోనెసంచిని కూడా బయటికి పంపించాను.

ఏప్రిల్ 22, మంగళవారం

కారణాలను మరోసారి తూచి చూశాను. వెంట్రుకలు. వాసన. గత నెల ఫోన్ చార్జరు వైరు. కాగితం విషయం కలపకపోయినా కారణాలు చాలినన్ని ఉన్నాయి.

ఏప్రిల్ 24, గురువారం

ఇంటి వెనుక రేకుల కొట్టంలో పంజరం సిద్ధమైంది. పాత కిటికీ జాలీ, నాలుగు ఇనుప కాళ్లు. నిజామాబాద్‌లో నేను పనిచేసే కాలేజీ ఆఫీసు నుంచి వచ్చాక రెండు సాయంత్రాలు పట్టింది. తలుపుకు గొళ్లెం కూడా పెట్టాను.

అడుగున ఏమి పరచాలన్నది ప్రశ్న. గడ్డి అన్నది గంగుబాయి. పాత గుడ్డలు అన్నది లిడియా. నేను చెరుకు పిప్పి అన్నాను. పిప్పి గురించి నాకు ఒకరు చెప్పనక్కరలేదు. గంట గంటకూ మిల్లు కింద నుంచి పిప్పి నమూనా పట్టుకొచ్చి, అందులో చక్కెర ఎంత మిగిలిందో తేల్చడం పదిహేడేళ్లు నా పని. మెత్తగా ఉంటుంది, తేమ పీలుస్తుంది, దుర్వాసన రానివ్వదు. బస్టాండు ముందర చెరుకు రసం బండివాని దగ్గర ఒక సంచి నిండా తెచ్చి, డాబా మీద ఎండబెట్టి, నాలుగు అంగుళాల మందాన పరిచాను.

అవ్వ ఒక పిడికెడు తీసి వాసన చూసింది. వేళ్లకు అంటినదాన్ని కొంగుకు తుడుచుకుంది.

కుందేలు అందులో కూర్చుంది. బాగానే ఉన్నట్టు కనిపించింది.

ఏప్రిల్ 26, శనివారం

ఉదయం అవ్వ కేక విని కొట్టంలోకి వెళ్లాను. ఎర్ర చీమలు. పంజరం కాళ్ల వెంట తాడులాగా ఎక్కి ఉన్నాయి. కుందేలు కంటి రెప్పల మీద, చెవుల లోపల, ముక్కు పక్కన. అది అరవలేదు. కుందేలు అరవదని గంగుబాయి చెప్పగా ఈరోజే తెలిసింది. కాళ్లతో ముఖం తుడుచుకుంటూ, తుడుచుకుంటూ, అలాగే తిరుగుతోంది.

అవ్వ దాన్ని ఒడిలో పెట్టుకుని ఒక్కొక్క చీమను వేళ్లతో ఏరింది. గంట సేపు. ఆమె వేళ్లు కూడా కుట్టాయి. చేయి విదల్చలేదు.

చదువుకున్నవాణ్నని నన్ను మాస్టర్ అనే గంగుబాయి గోడ మీది నుంచి చూసి, "కాయ్ మాస్టర్, ఏంది గిది! శక్కర్ ఫ్యాక్టరీల గన్నేండ్లు జేసినవ్, తీపి ఉన్నకాడ చీమలుంటయని నీకు జెప్పాల్నా? మా కోడలు బడి మొఖం సూడలే, దానికి ఎర్కనే" అన్నది.

ఆవిడకు జవాబు ఇక్కడ రాస్తున్నాను. మిల్లు పిప్పి వేరు. నాలుగు మిల్లులు దాటి, వేడి నీళ్లు చల్లి పిండాక అందులో చక్కెర నామమాత్రం. రసం బండి రెండు రోలర్లు సగం తీపిని పిప్పిలోనే వదిలేస్తాయి. ఈ తేడా నాకు తెలియక కాదు. తెలిసి కూడా తట్టలేదు. తెలిసినవాడు చేసిన తప్పును తప్పు అనడానికి తెలియనివాళ్లకు అధికారం ఉందా అన్నది వేరే ప్రశ్న.

ఇంకొకటి. ఏప్రిల్ 24న "తేల్చడం నా పని" అని రాశాను. తేల్చేది కెమిస్టు. తెచ్చి ఇచ్చేది నేను. రాతలో తప్పు ఉండకూడదు.

ఏప్రిల్ 27, ఆదివారం

కుందేలు తాత్కాలికంగా స్నానాల గదిలో. కన్ను వాచింది. తాత్కాలికంగా అన్న మాట ఇంట్లో రెండుసార్లు స్పష్టంగా చెప్పాను.

ఏప్రిల్ 28, సోమవారం

పంజరం నాలుగు కాళ్ల కింద నాలుగు గిన్నెలు పెట్టి నీళ్లు పోశాను. పిప్పి తీసేసి వరిగడ్డి పరిచాను. కుందేలు మళ్లీ బయటికి. నిర్ణయం మారలేదు, పద్ధతి మాత్రమే మారింది.

ఏప్రిల్ 30, బుధవారం

నిన్న కొట్టంలో ఉక్కగా ఉందని పంజరాన్ని వేపచెట్టు కిందికి మార్చాను. ఈరోజు రెండు కుక్కలు దాని చుట్టూ తిరుగుతున్నాయని మెట్ల కిందికి మార్చాను. మెట్ల కింద నీటి మోటారు మోతకు కుందేలు జాలీకి తల కొట్టుకుంటోందని మళ్లీ కొట్టంలోకే మార్చాను. ప్రతిసారీ గిన్నెలు, నీళ్లు, గడ్డి. చొక్కా మార్చుకుని బస్టాండుకు పరుగెత్తితే ఏడున్నర బస్సు వెళ్లిపోయింది. ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లడం ఈ ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

మే 2, శుక్రవారం

బస్సులో సురేందర్ కనిపించాడు. పశువుల దవాఖానలో కాంపౌండరు. మా ఇంటి సంగతి అని కాక, సాధారణ ప్రశ్నగా అడిగాను, కుందేలు లోపల ఉండటం మంచిదా, బయట ఉండటం మంచిదా అని.

"ఎవలది సార్ కుందేలు?"

"ఒక తెలిసినవారిది."

"ఆ తెలిసినాయనకు జెప్పుండ్రి, కుక్క లెక్క, మేక లెక్క కాదు ఇది. ఎండకు ఆగది. చెమట రాదు దానికి. ముప్పై దాటితెనే ఆయాసం, నలభైల రేకుల కింద వెడ్తె పొయ్యి మీద వెట్టినట్టే. లోపలుంటె బండల సల్లదనానికి బతుకుతది."

"అయితే లోపలే ఉండాలంటావు."

"గట్ల గూడ కాదు సార్. లోపల ఒక మూలకు గిరాటువెడ్తె బెంగటిల్లి సస్తది. పొద్దుమీకి జెర సేపు బయట గడ్డిల తిరగాలె. ఉన్నకాడ మనిషి కండ్ల ముంగట ఉండాలె. గంతే." తర్వాత నవ్వి, "గాయన కొట్టంల పెట్టిండా ఏంది?" అన్నాడు.

నా స్టాపు వచ్చిందని ఎడపల్లిలోనే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. నిజామాబాద్ దాకా నిలబడే వెళ్లాను.

తడిపిన గోనెపట్టా పంజరం మీద కప్పమని లిడియాకు ఫోన్ చేసి చెప్పాను. "అవ్వ కప్పింది. మీరు జెప్పకముందే" అన్నది.

మే 4, ఆదివారం

ఆరాధన అయ్యాక చెట్టు కింద అందరి ముందర సంఘ పెద్ద ఏసయ్యన్న నా భుజం మీద చేయి వేసి అడిగాడు:

"ఏం పాల్ రాజ్, ఇల్లు మంచిగనే కట్టినవ్ గని అవ్వకు జాగ సరిపోలేదా? మొన్న ఎండపూట మీ సందుకెళ్లి వోతుంటె సూసిన. రేకుల కింద కుందేలు పక్కపొంటి కూసున్నది."

పక్కవాళ్లు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. అయినా నవ్వే.

ఇంటికి వచ్చి అవ్వను అడిగాను. అడగడంలో గొంతు పెరిగి ఉండవచ్చు. నీకోసం గది ఉంది, ఫ్యాను ఉంది, నలభై మూడు డిగ్రీల ఎండలో కొట్టంలో కూర్చోవడం ఏమిటి, నలుగురూ నన్ను ఏమనుకుంటారు అని.

"శక్కర్ ఒక్కతే ఉంటది గద" అన్నది.

"అది కుందేలు అవ్వా."

"నేనేమన్న మనిషన్ననా?"

"నువ్వు లోపల ఉండు. దానికి తడిపట్టా చాలు."

"గా పట్టా గడియకోసారి ఎండుతది. ఎవలు తడుపుతరు? నువ్వు నిజాంబాదుల ఉంటివి. లిడియాకు మిషిని పని." కొంగుతో మొహం తుడుచుకుని, "నాకు బయటనే అల్కగుంటది బిడ్డా. అలవాటైన పానం" అన్నది.

గడప మీదనే కూర్చుని చెప్పింది ఇదంతా. పక్కనే ఆమె సిల్వర్ గ్లాసు, కిటికీ బయటి అంచు మీద. ఇంట్లో స్టీలు గ్లాసులు డజను ఉన్నాయి.

మే 5, సోమవారం

ఉదయం బస్సుకు ముందు లిడియా చెప్పిన మాటలు. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. మార్చితే నాకు అనుకూలంగా మార్చుతానని అనుమానం.

"క్రిస్మస్ కెళ్లి ఫిబ్రవరి దాంక అవ్వ గడప దాటి లోపల కూసున్నది మీరు ఒక్కనాడన్న సూసిండ్రా? అన్నం గడప మీద్నే, ముచ్చట గడప మీద్నే. పండుకునేటందుకే లోపలికొచ్చేది, గది గూడ గోడ వట్టుకొని. శక్కర్ వచ్చినంక అది మంచం కిందికి ఉరికేది. దాన్ని వట్టేటందుకు అవ్వ ఒక్కొక్క అడుగు ఏసింది. దానికి గూడ ఆ బండల మీద కాళ్లు నిలువకపోయేది. గందుకే గోనెసంచి పరిచింది. దాని మీద అది కూసునేది, అవ్వ కూసునేది. మార్చిల నడిఇంట్ల కూసొని నాతోని చిక్కుడుకాయ ఈనెలు దీసింది. మీరు మురికన్నరు, సంచి బయటేసిండ్రు. కుందేలును బయటేసిండ్రు. ఇగ అవ్వ లోపల ఏం వెట్టుకొని ఉండాలె?"

"అవ్వ నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీరు వచ్చినోళ్లందరికి ఆ బండలు సూపెడ్తిరి. ఏం జెప్తది?"

బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు కూడా.

మే 6, మంగళవారం

ఆఫీసులో రెండు ప్రవేశ దరఖాస్తుల మీద తేదీ తప్పు వేశాను. దిద్దాను. దిద్దినది కూడా తప్పే.

మే 7, బుధవారం

సాయంత్రం అవ్వ చేయి పట్టుకుని ఆమె గదిలోకి నడిపించాను. మధ్యలో ఒకసారి ఆమె వేళ్లు నా మణికట్టును బిగించాయి. మంచం మీద కూర్చోబెట్టాను. "ఇలా మధ్యాహ్నం పూట కూడా కూర్చోవాలి" అన్నాను. "సరే బిడ్డా" అన్నది. సమస్య పరిష్కారమైంది.

కుందేలును లోపలికి తేవడం గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఒకసారి ప్రకటించిన మాటను రెండు వారాల్లో వెనక్కి తీసుకుంటే ఇంటి యజమాని మాటకు విలువ ఏముంటుంది? చల్లబడ్డాక ఆలోచించవచ్చు. జూన్‌లో వానలు పడతాయి.

మే 8, గురువారం

రెండున్నరకు ఫోన్. గంగుబాయి. ఆవిడ నాకు ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

అవ్వ కొట్టంలో పడిపోయింది. లిడియా బ్లౌజులు ఇవ్వడానికి వెళ్లి ఉంది.

బస్సు ఎంత మెల్లగా నడుస్తుందో ఇన్నేళ్లలో తెలియలేదు.

మే 9, శుక్రవారం

వడదెబ్బ. ఆసుపత్రిలో రెండు సెలైన్లు ఎక్కించారు. ఉదయం కళ్లు తెరిచింది. డాక్టరు ఇంకో గంట అయితే చెప్పలేకపోయేవాళ్లం అన్నాడు. ఈ వాక్యం ఆయన ఎందరికో చెప్పి ఉంటాడు. అయినా చెప్పినట్టే ఇక్కడ రాసిపెడుతున్నాను.

"అవ్వా, నీళ్లు తాగే" అన్నాను. "జెర తాగే అవ్వా."

తాగింది. తాగి, "శక్కర్?" అన్నది.

ఉంది. బతికే ఉంది. గంగుబాయి చెప్పింది: నిన్న పంజరం మీద గోనెపట్టా, దాని మీద అవ్వ తన చీర కొంగు చింపి తడిపి వేసింది. పంజరం లోపల గడ్డి కూడా తడిగా ఉందట. కుందేలు చల్లగా కూర్చుని ఉందట. అవ్వ నెత్తి మీద మాత్రం ఏమీ లేదు.

"నేను గోడ మీదికెళ్లి మొత్తుకున్న, మాస్టర్" అన్నది గంగుబాయి. ఎప్పటి నవ్వు ఆమె మొహంలో లేదు. "లోపలికి పో అవ్వా అన్న. 'పొద్దు వాలంగనె పోత' అన్నది. కట్టెల మోపు లెక్క కూసున్నది, కదల్లే."

మే 10, శనివారం

పొద్దు వాలంగనె పోత.

ఈ మాట నేను ముందు ఒకసారి విన్నాను.

నాకు పదేళ్లు. పటేల్ దగ్గర జీతం ఉన్నాను, గొడ్లు కాయడానికి, పేడ తీయడానికి. పడక గొడ్లకొట్టంలో, తిండి కొట్టం ముందర, నీళ్లు మాకంటూ బయట పెట్టిన సిల్వర్ గ్లాసులో. ఇటువంటి ఎండాకాలమే. జ్వరం వచ్చింది. కొట్టం మీద రేకులు. పటేల్ ఇంటి ముందు నల్లరాతి అరుగు ఉండేది, మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. ఎవరూ లేరనుకుని వెళ్లి దాని మీద చెంప ఆనించి పడుకున్నాను. ఆ రాయి చల్లదనం ఇప్పటికీ ఈ చెంపకు తెలుసు.

పటేల్ లేపాడు. కొట్టలేదు. తిట్టను కూడా తిట్టలేదు. మంచివాడని ఊరంతా అనేవారు, మంచివాడే. మెల్లగా అన్నాడు:

"లే, కొట్టంలకు వో. ఎవల జాగల వాళ్లుండాలె. జాగ తప్పితె నీకూ మంచిగ కాదు, ఇంటికీ మంచిగ కాదు."

అవ్వ చెరుకుతోటలో కలుపు తీస్తూ కబురు విని వచ్చింది. నన్ను ఇంటికి తీసుకుపోతానంటే పటేల్ ఒప్పుకోలేదు, ఆమెతోనూ అదే మాట అన్నాడు. కొంగు తడిపి నా మీద కప్పి, రేకుల కింద పక్కన కూర్చుంది. ఎవరో కూలికి రమ్మని పిలిచారు. "పొద్దు వాలంగనె పోత" అన్నది. ఆమె నెత్తి మీద ఏమీ లేదు.

ఆ సంవత్సరమే మా చర్చి సంఘంవాళ్లు పెట్టిన రాత్రి బడిలో చేరాను. బడి గురించి చాలామందికి చాలాసార్లు చెప్పాను. అరుగు గురించి ఎవరికీ చెప్పలేదు. లిడియాకు కూడా.

ఇప్పుడు ఏప్రిల్ 21 నాటి పేజీ తిప్పి చదివాను. ఒకసారే చదివాను.

మే 11, ఆదివారం

ఆరాధనకు వెళ్లలేదు. అటక మీద నుంచి ఫ్యాక్టరీ నాటి గోనెసంచులు దించాను. ఏడు. వాటిలో నా పాత పుస్తకాలు, నోట్సులు భద్రంగా కట్టి పెట్టుకున్నాను. పుస్తకాలు నేల మీద పోశాను.

చక్కెర మోసిన సంచులు. మూడుసార్లు వేడి నీళ్లతో ఉతికాను. ఆరిన తరువాత ఒకదాన్ని వేపచెట్టు మొదట్లో, ఎర్ర చీమల పుట్ట పక్కన పరిచాను. సాయంత్రం దాకా కూర్చుని చూశాను. రెండు చీమలు ఎక్కి, ఇటు నుంచి అటు దాటిపోయాయి. ఆగలేదు.

గంగుబాయి గోడ మీది నుంచి, "ఏం జేస్తున్నవ్ మాస్టర్?" అన్నది.

"పరీక్ష" అన్నాను.

"పాసైందా?"

"అయింది."

"దేవుడా, ఇన్నేండ్లకు" అన్నది.

మే 12, సోమవారం

సెలవు పెట్టాను. సంచులు విప్పి, దబ్బనంతో సుతిలి దారం వేసి ఒకదానికొకటి కుట్టాను. గడప నుంచి నడిగది దాటి, అవ్వ మంచం దాకా ఒకటే పట్టా. లిడియా మిషన్ మీద కుడతానన్నది. సూది విరుగుతుందని వద్దన్నాను. అది కారణం కాదు. నేనే కుట్టాలనిపించింది.

పరిచి నడిచాను. రెండో అడుగుకే జారి మోకాలు పగిలింది. నున్నటి టైల్ మీద గోనె నిలవదు. ఎనభైకి దగ్గరపడిన మనిషిని దీని మీద నడిపించి ఉంటే? పట్టా తిరగేసి, కింద పాత సైకిల్ ట్యూబులు పట్టీలుగా కోసి అడుగడుగునా కుట్టాను. మళ్లీ పరిచాను. నడిచాను. పరుగెత్తాను. కళ్లు మూసుకుని నడిచాను. నిలబడింది.

తెల్లటి టైల్స్ ఇప్పుడు పక్కల అంచుల్లోనే కనిపిస్తున్నాయి. సంచుల మీది నీలం అక్షరాలు సగం సగం, తలకిందులుగా ఉన్నాయి. లిడియా చూసి, "ఎవలన్న వస్తె ఏమంటరు?" అన్నది. ఆమె నన్ను పరీక్షిస్తోందని తెలుసు.

"వచ్చినోళ్లకు ఇదే సూపెడ్త" అన్నాను.

మే 13, మంగళవారం

కాగితం విషయం. సంబంధం ఉంది. ఉండటమే కాదు, అదొక్కటే. వెంట్రుకలు, వాసన, వైరు, అన్నీ తరువాత వెతుక్కున్నవి.

నా పేరు ఉన్న భాగాన్ని కుందేలు ముట్టలేదు. మూల మాత్రమే కొరికింది. మెమోను పై అరలో పెట్టాను. కింది అర ఖాళీ చేశాను.

మే 14, బుధవారం

ఆసుపత్రి నుంచి అవ్వను తీసుకొచ్చాను. ఆటో దిగి, అలవాటుగా గడప మీద కూర్చుంది. సిల్వర్ గ్లాసు కోసం కిటికీ అంచు తడిమింది. నేను ఇప్పటిదాకా అన్నవి చాలు.

లిడియా కుందేలును తెచ్చి గోనెపట్టా మీద వదిలింది. అది ముక్కు ఆడిస్తూ ఒక చోటే కూర్చుంది. మాకు అందరికీ పని ఉన్నట్టు నటించాము. తరువాత అది రెండు గెంతులు వేసింది. ఆగింది. సంచి మీది నీలం అక్షరం వాసన చూసింది. మళ్లీ గెంతి, నడిగది దాటి, మంచం వైపు పోయింది.

"ఏయ్, యాడికే" అన్నది అవ్వ. గడప పట్టుకుని లేచింది. గోడ వైపు చేయి చాచింది. పాదం గోనె మీద పడగానే కిందికి చూసింది. ఒక అడుగు వేసి, పాదం అటూ ఇటూ తిప్పి చూసింది, నాట్లప్పుడు మడిలో అడుగు కుదురుగా ఉందో లేదో చూసుకున్నట్టు. గోడను వదిలేసింది.

మంచం దగ్గరికి చేరాక అడిగింది, "ఎవలు కుట్టిండ్రు?"

"నేనే" అన్నాను.

"కుట్టు వంకరుంది."

"సరి జేస్త."

"ఉండనియ్యి. మెత్తగున్నది." తర్వాత మంచం కిందికి వంగి చూస్తూ, నాతో కాదు, దానితో అన్నది: "జాగ దొరికిందా?"

నేను నీళ్లు తెచ్చే మిషతో వంటగదిలోకి వెళ్లాను. స్టీలు గ్లాసులో తెచ్చాను. గ్లాసును చూసింది. తాగింది.

మే 15, గురువారం

సురేందర్‌తో బస్సులో చెప్పాను, కుందేలు మాదే అని. "ఎర్కనే సార్" అన్నాడు.

సాయంత్రం ఐదు దాటాక శక్కర్‌ను అరగంట వేపచెట్టు కింద గరికలో తిప్పాలి. అది నా పని. మిగతా వేళంతా లోపల. నిర్ణయం అయిపోయింది అని రాయబోయి ఆగాను. ఇది నేను చేసిన నిర్ణయం కాదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేశాను. బయట నలభై నాలుగు డిగ్రీలు. అవ్వ ఎక్కడ ఉంది అని అడిగాను.

"పండుకున్నది. మంచం కింద శక్కర్ గూడ పండుకున్నది" అన్నది లిడియా.

"గడప మీద?"

"గడప మీద ఎవలు లేరు" అన్నది.